మైకొచ్చె పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

ముగిసె బొమ్మ దీపములు వెల్గె మైకొచ్చె
ప్రశ్న యొకటె యనుచు ప్రవర చదివె
దర్శకుండు నవ్వి తలయూపి కూర్చుండె
కాపలాయనొచ్చి గడియ వేసె

అవతారిక: బెంగళూరు నగరమందు మ్యూజియములకు కొదువ లేదు. ప్యాలెస్ రోడ్డున మాణిక్యవేలు భవనంలో 2009 నుంచి జాతీయ ఆధునిక కళా మందిరము, కస్తూర్బా రోడ్డున 2023 నుంచి మ్యాప్ అనబడు కళా ఛాయాచిత్ర మ్యూజియము వెలసియున్నవి. గోడన బొమ్మలు చూపేచోట కదిలే బొమ్మలు చూపుట న్యాయమే. చూపిన పిదప తీసినవారితో చర్చ అను క్రతువు ఈ పద్యానికి వస్తువు. ఏ మ్యూజియంలో జరిగెనని అడగరాదు. వ్యాఖ్యాత చెప్పడు.

టీక: ముగిసె బొమ్మ, దీపములు వెల్గె: సుగమం.

మైకొచ్చె: ముందుగా వచ్చినది మోడరేటరు చేతికి. దర్శకుణ్ణి పరిచయం చేస్తానని లేచి, తన పరిశోధనను పరిచయం చేయుట సంప్రదాయం. ఇందులో 'లిమినల్ స్పేస్' అను మంత్రం తప్పనిసరి. దానికి అర్థం చెప్పిన భాష్యకారుడు ఇంతవరకు లేడు.

ప్రశ్న యొకటె: ప్రేక్షకుడు ప్రశ్నను దాచి ఆత్మకథను నిలిపెను గనుక ఇది అపహ్నుతి అని కొందరు. లేని ప్రశ్నను దాచుట ఎట్లు, కాబట్టి కాదని మేము.

ప్రవర: ఇచట ఋషులు తార్కోవ్‌స్కీ, కియరోస్తామీ, ఘటక్. వారి చిత్రములను ఏ దేశపు ఉత్సవంలో ఎన్నో వరుసలో కూర్చుండి చూచెనో చెప్పి, త్రయార్షేయ ప్రవరాన్వితుడై, అభివాదము లేకయే ఆసీనుడాయెనని భావం. మెదకు సీమలోని కొలిచెలమ మల్లినాథసూరి వ్యాఖ్యానం రాస్తూ మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఒట్టుపెట్టుకొన్నాడు. ఆయనను మోడరేటరుగా కూర్చోబెడితే ఈ పద్యమే పుట్టదు.

దర్శకుండు: మాకు మల్లినాథుని ఒట్టు లేదు గనుక ఇచట కొంత ప్రసంగాంతరం. నెల్లూరివాడైన పఠాభి 1939లో 'ఫిడేలు రాగాల డజన్'తో ఛందస్సు మీద కయ్యానికి దిగాడు. పైన రాసిన ఆటవెలదిని చూస్తే చించి పారేసేవాడు. ఆ తిక్కవరపు పట్టాభిరామిరెడ్డే బెంగళూరు చేరి 1970లో కన్నడంలో 'సంస్కార' తీశాడు. కథ అనంతమూర్తిది. ప్రాణేశాచార్యుడు గిరీశ్ కర్నాడ్. మలెనాడు వెలుతురును పట్టింది ఆస్ట్రేలియావాడు టామ్ కోవన్. దహనం ఎవరు చేయాలో తేలక అగ్రహారం తర్జనభర్జన పడుతుంటుంది, ఇంట్లో శవం కుళ్ళుతుంటుంది. మద్రాసు సెన్సారు మొదట అడ్డుపడింది. చివరికి అదే జాతీయ ఉత్తమ చిత్రమైంది. చంద్రి పాత్ర వేసిన పఠాభి భార్య స్నేహలతారెడ్డిని ఎమర్జెన్సీలో విచారణ లేకుండా బెంగళూరు జైల్లో పెట్టారు. విడుదలైన కొన్నాళ్ళకే, 1977 జనవరిలో, ఆమె పోయింది. ఆ జైలే నేటి ఫ్రీడమ్ పార్కు. వాళ్ళను ఎదుట కూర్చోబెట్టుకుంటే అడగవలసినవి ఎన్ని! అప్పుడూ ఎవరో లేచి ఘటక్ అనేవాడేనేమో.

ప్రకృతమనుసరామః.

నవ్వి తలయూపి: అంగీకారం కాదు, అలసట. ఇక్కడ వ్యాఖ్యాతకు గాంభీర్యం నిలవడం లేదు. ఆ సాయంత్రం వేదిక చివర కుర్చీలో సౌండ్ రికార్డిస్ట్ కూర్చుంది. నీళ్ళ సీసా మూత తిప్పుతోంది, మళ్ళీ బిగిస్తోంది. ఆ సినిమాలో రాత్రి చెరువుగట్టున అన్ని కప్పల మధ్య ముసలాయన గుసగుసను అంత తేటగా ఎలా పట్టిందో ఆమెకు తెలుసు. నాకు తెలుసుకోవాలని ఉంది. చేయెత్తే ఉంచాను. మైకు ఆమె దాకా పోలేదు, నా దాకా రాలేదు. సినిమా తీసిన ఊరివాళ్ళకు దాన్ని చూపించారా, చూసి ఏమన్నారు అని కూడా ఎవరూ అడగలేదు.

కాపలాయన: ఈ పద్యానికి నాయకుడెవరను శంక కలదు. చెప్పిన వేళకు తన పని చేసినవాడు ఇతడొక్కడే. కనుక నాయకుడు ఇతడేనని సిద్ధాంతం.

తాత్పర్యం: అయ్యలారా, అమ్మలారా, ప్రశ్న ఒక్క వాక్యంలో అడగండి. దానికి జవాబు ఎదుటివారి దగ్గరే ఉండాలి. మోడరేటర్లారా, మొదటి మైకు కెమెరా పట్టినవారికి, శబ్దం పట్టినవారికి ఇవ్వండి. వాళ్ళు అంత దూరం వచ్చేది మన ప్రవర వినడానికి కాదు.