లగ్నం చూసి కోత

సిజేరియన్ కాన్పుల్లో దేశంలో మొదటి ర్యాంకు తెలంగాణది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం కోతతో అయినవే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 81.5. ఆంధ్రప్రదేశ్‌ది 42.4, దేశ సగటు 21.5. పది, పదిహేను శాతం దాటనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1985లోనే చెప్పారు. వారికి పంచాంగం చూడటం రాదు కాబోలు.

ముహూర్తం మహిమ అంతా ఇంతా కాదు. తిథి, నక్షత్రం, లగ్నం సిద్ధాంతి రాసిస్తారు. ఆ వేళకు థియేటర్ సిద్ధం చేయడం డాక్టర్ వంతు. నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా ఆగితే బిడ్డ ఏ మూలా నక్షత్రంలోనో పుట్టే ప్రమాదం ఉందాయె! అవసరం లేకుండా 39 వారాలకు ముందే తీస్తే శిశువుకు ఊపిరి ఇబ్బందులు రావచ్చన్న సంగతి మాత్రం జాతకచక్రంలో ఏ గడిలోనూ కనిపించదు.

మామూలు కాన్పుకు గంటల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. ఆపరేషన్ గంటలో అయిపోతుంది, బిల్లు మాత్రం పొడుగు. నొప్పులంటే భయం, ముదురు వయసు గర్భాలు, మధుమేహం, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ల కొరత కూడా తలో చెయ్యి వేస్తున్నాయి. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ అడ్డుపడినప్పుడు ఈ కోతే తల్లీబిడ్డల ప్రాణం నిలుపుతుంది. అందులో పేచీ లేదు. మొదటిది సిజేరియన్ అయితే రెండోదీ చాలాచోట్ల అదే. చాలామందికి మామూలు కాన్పు వీలవుతుంది గానీ, ఆ మాట చెప్పే తీరిక ఎవరికి?