దుమ్ము మీద నెపం

పదేళ్ల కిందటి మాట. మెట్‌పల్లి దగ్గర మా బావ కల్లంలో పసుపు ఉడకబెట్టి ఎండబోశారు. వారం నుంచి వడగాడ్పులు, ఆకాశం మట్టిరంగు. ‘తాడిపత్రులు కప్పే పనిలేదు బావా, గాలిలో తేమే లేదు’ అని కరీంనగర్‌ నుంచి ఫోన్లో తీర్పిచ్చింది నేనే.

నా ధైర్యం 2002లో పైకెళ్లిన ఆక్వా ఉపగ్రహం. అందులోని మోడిస్‌ పరికరం తీసిన తేమ పటం చూడటం అప్పుడే నేర్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా.

ఆ సాయంత్రం గాలివాన కొట్టింది. పసుపు తడిసి నల్లబడింది.

సిగ్గుపడాల్సిన నేను పుస్తకాలు తిరగేశాను. నేల మీద పడి పైకి తిరిగొచ్చే ఎండలో 0.94 మైక్రాన్ల దగ్గరి వెలుగును నీటి ఆవిరి మింగేస్తుంది. 0.865 దగ్గర దాదాపు ముట్టదు. రెండూ పోల్చి, ఎంత మింగిందో చూసి తేమ లెక్కగడతారు. నడుమ దుమ్ము తేలుతుంటే కొంత వెలుగు నేలదాకా దిగకుండానే వెనక్కి మళ్లుతుంది. ఆవిరి ఎక్కువగా ఉండేది కిందనే. బావిలో వేసిన రాయి నడిమి గట్టుకు తగిలి ఆగితే, బావి లోతే అంత అనుకున్నట్టు! మా చెలక నేలల మీద మోసం కాస్త తక్కువ. ఆదిలాబాద్‌ నల్లరేగడి వెలుగును అంతగా తిప్పికొట్టదు గనక అక్కడ దుమ్ముదే పెత్తనం. 2011లో ఇస్రో, ఫ్రాన్స్‌ కలిసి పంపిన మేఘా-ట్రాపిక్స్‌ మైక్రోవేవ్‌తో చూసేది. మిల్లీమీటరుకు పైబడిన ఆ తరంగాలకు దుమ్మురేణువులు ఒక లెక్కా!

ఇదంతా మంచం మీద కూర్చోబెట్టి బావకు వివరించాను. ఆయన ఓపిగ్గా విని, ‘ఆ దినం కరీంనగర్ల ఉక్కపోయలేదా?’ అన్నారు.

పోసింది. కూలర్‌ గడ్డి నిండా తడిసినా గది చల్లబడలేదు. గాలిలో తేమ నిండితే కూలర్‌ చల్లబరచదని నాకు తెలుసు. తెలిసీ, మోటారు చెడిందని మెకానిక్‌ని పిలిపించాను. వాడు చూసి, బాగానే ఉందని వంద తీసుకుని పోయాడు. అసలు దుమ్ము చేసే తప్పు చాలాసార్లు కొద్ది శాతమే. మధ్యాహ్నపు ఒక్క అంకె పట్టుకుని సాయంత్రం వాన రాదన్న తెలివి మాత్రం పూర్తిగా నాదే.

ఇప్పటికీ దుమ్ము లేచిందంటే బావ ఫోన్‌ చేస్తారు: ‘ఏం బామ్మర్దీ, మీ ఉపగ్రహం కండ్లల్ల దుమ్ము వడ్డదా? తాడిపత్రి కప్పాల్నా?’