రెండడుగుల మందం

నా ఒంటి మీద సిమెంటు పూత ఉంది. దారిన పోయేవాళ్ళు నన్ను ఇటుక గోడే అనుకుంటారు. 2010లో జనాభా లెక్కల ముందు ఇళ్ళ వివరాలు రాసుకోవడానికి ఒక టీచరమ్మ వచ్చి, "గోడలు దేనివండీ?" అనడిగితే, పెద్దకొడుకు తడుముకోకుండా "ఇటుక" అన్నాడు. ఆమె రాసుకుని పోయింది. అరుగు మీద ఆకుకూర తెంపుతున్న అవ్వ కొడుకు దిక్కు ఒకసారి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ కూరలో పడింది.

నేను మట్టి గోడను. మాదాపూర్ పాత ఊళ్ళో, సైబర్ టవర్స్‌కు నడిచిపోయేంత దూరంలో ఉంటాను.

మా దిక్కు మట్టిగోడను కట్టడం అనరు, పెట్టడం అంటారు. నన్ను పెట్టింది ఉప్పరోళ్ళు, నిజాం జమానాలో. దుర్గం చెరువు ఎండాకాలం వెనక్కి జరిగినప్పుడు అంచున తవ్విన నల్లమన్ను, గుట్ట కింది ఎర్ర మొరం, వరిగడ్డి తుంపులు కలిపి నానబెట్టి తొక్కారు. ముద్దలు చేసి చేతుల మీదుగా అందించుకుంటూ మూరెడు ఎత్తు లేపారు. ఆ వరస ఆరేదాకా రెండోది పెట్టలేదు. తొందరపడితే కింది వరస పొట్ట ఉబ్బుతుంది. మట్టిలో ఏ పాలెంత అని కాగితం మీద ఎవరూ రాయలేదు. మేస్త్రీ పిడికిట్లో మన్ను పిసికి, నేలమీద వేసి, అది పగిలిన తీరు చూసి "ఇంకింత మొరం" అనేవాడు. అదీ లెక్క. కింద రాతి పునాది, పైన టేకు దూలం, దంతెలు, గూనపెంక. మే నెల మధ్యాహ్నం కూడా అర్రలో అడుగుపెట్టినవాళ్ళు "అబ్బా" అని కూలబడేవాళ్ళు.

నాలాంటిదాన్ని ఒకసారి పెట్టి వదిలేస్తే కుదరదు. ప్రతి వానాకాలం నా తోలు కొంచెం కొట్టుకుపోతుంది. దసరా ముందు అవ్వ ఆ పగుళ్ళలో మన్ను మెత్తి, పేడతో అలికి, ఆరినాక సున్నం వేసి, కింద బారెడు మేర జాజు పూసేది. ఏటా పోయింది ఏటా తిరిగొచ్చేది. కాపురానికొచ్చిన ఏడాది ఆమె చేతివేళ్ళు పడ్డ గీతలు పూత అడుగున ఇప్పటికీ ఉన్నాయి. నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

1992లో పక్కనే శిల్పారామం లేచింది. అక్కడ గ్రామీణ మ్యూజియంలో గుడిసెలు, వాటి ముందు కుండలు చేసే బొమ్మలు, మగ్గం నేసే బొమ్మలు. పట్నం నుంచి జనం టికెట్ కొనుక్కుని వచ్చి వాటిముందు ఫోటోలు దిగుతారు. నాకేం అసూయ లేదు. అయితే ఆ గుడిసెలను చూసుకోవడానికి జీతాలిచ్చి మనుషులను పెట్టారు. నాకున్నది ఒక్క అవ్వ.

మరుసటేడు, 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున నా దూలం మీది పెంకులు చిన్నగా గలగలమన్నాయి. లాతూరు దగ్గర కిల్లారిలో భూమి కంపించిన ఘడియ అది. దాదాపు 10,000 మంది పోయారు. వినాయక నిమజ్జనం చేసి అలసి పడుకున్నవాళ్ళ మీద బండరాళ్ళను మట్టితో పేర్చిన గోడలు, వాటి మీద మోయలేనంత మట్టికప్పు కూలాయి. ఆ నేరంలో మట్టికి పాలు లేదనను. రాళ్ళను కలిపి బిగించే కట్టు లేదు, కప్పు బరువు ఎక్కువ. కానీ ఆ సంగతి ఎవరు విడమరిచి చెప్పారు? "మట్టిల్లు మనిషిని తింటది" అన్న ఒక్క ముక్కే బస్సెక్కి ఇక్కడిదాకా వచ్చింది. అప్పటినుంచి ఇంట్లోకి వచ్చిన చుట్టాలు ముందు నా దిక్కు చూసి, తర్వాత గడప దాటేవాళ్ళు.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ గుండ్రటి అద్దాల మేడ వెలుగు సాయంత్రాలు నా మీద పడేది. చిన్నకొడుకుకు సంబంధాలు చూస్తున్న రోజులు. పిల్ల తరఫువాళ్ళు చాయ్ తాగి బయటికొచ్చి గొంతు తగ్గించారు. గోడలకు చెవులుంటాయంటారు కదా, నిజమే.

"పోరడు మంచోడే. గని గింత పట్నంల మట్టిగోడ ఇంట్ల పిల్లనెట్ల ఇస్తం?"

వారం తిరక్కుండా సిమెంటు బస్తాలు దిగాయి. నా సున్నం గీకి, ఇనుప జాలీ కొట్టి, అంగుళం మందాన పూశారు. మీద గులాబీ రంగు. పెళ్ళయింది. ఇక నాకు ఊపిరాడలేదు. మన్ను నేల తేమను పీల్చి గాలికి వదిలేస్తుంది, అది దాని బతుకు. సిమెంటు ఆ దారి మూసింది. తేమ లోపలే నిలిచి నా అడుగు మెత్తబడింది, చెదలు దంతెల దాకా ఎక్కాయి. అవ్వ అలకడానికి పేడ కలుపుకుని వస్తే, పెద్దకోడలు "అత్తమ్మా, సిమెంటు మీద పేడేంది?" అని నవ్వింది. తట్ట పక్కకు పెట్టింది అవ్వ. ఎన్ని వానలకూ పడనిదాన్ని ఆ పెళ్ళి పూతకు నడుము వంగాను.

నన్ను పెట్టిన ఉప్పరాయన మనవడు ఇప్పుడు అపార్టుమెంట్లకు సెంట్రింగ్ కొడతాడు. రిపేరుకు పిలిస్తే వచ్చి, వేలితో తట్టి, "మట్టి పని మాకు రాదు పెద్దయ్యా, తాతతోనే పోయింది" అన్నాడు. కూలి అడగకుండా పోయాడు, అదో మర్యాద.

పంపకాలు మరో గొడవ. ముగ్గురు కొడుకులు, ఇద్దరు బిడ్డలు, నేను ఉమ్మడి. పెంకు జారితే ఎవరు ఎక్కించాలి? ఒకరు ఎక్కిస్తే ఇల్లు తమదే అంటారేమో అని రెండోవాళ్ళ భయం. అట్లా నాలుగు వానాకాలాలు గడిచాయి. 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటిన రాత్రి, ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. గజానికి ఎంతొస్తుందో వేళ్ళ మీద లెక్కలు. ఆ లెక్కలో నా రెండడుగుల మందం ఉత్త నష్టం. సన్నగోడైతే అర్ర అంత వెడల్పయ్యేది కదా.

పాతవాటిని కాపాడటం ఎవరికీ పట్టలేదని కాదు. ఈ చుట్టుపక్కల బండరాళ్ళ కోసం 1996లోనే ఒక సంఘం పుట్టింది. 1981 నాటి జోనింగ్ నియమాల్లోని 13వ నిబంధన కింద నగరంలో వారసత్వ కట్టడాల జాబితా ఉండేది, రాతి గుట్టలు కొన్ని కూడా అందులో చేరాయి. 2015లో ఆ నిబంధనే ఎత్తేశారు. నేను ఏ జాబితాలోనూ లేను. మట్టిల్లు ఎవరి కంటికీ కట్టడంలా కనబడదు. ఓరుగల్లులో కాకతీయుల మట్టికోట మీదే ఇళ్ళు లేచాయి, నేనెంత?

పోయిన ఏడాది ఆర్కిటెక్చర్ చదివే ఒక పిల్ల టేపు పట్టుకుని వచ్చింది. అవ్వతో మాట్లాడుతూ ఆఫ్రికాలో మాలీ దేశపు జెన్నే అనే ఊరి గురించి చెప్పింది. అక్కడి మట్టి మసీదును ఇప్పటి రూపంలో 1907లో కట్టారట. ఏటా ఊరంతా పండగలా మన్ను తొక్కి, నిచ్చెనలెక్కి, ఒక్క రోజులో దానికి కొత్త పూత వేస్తారట. 1988లో ఆ ఊరు ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, 2016 నుంచి ప్రమాదంలో ఉన్నవాటి పట్టీలోనూ ఉంది.

"ఊరంతనా?" అంది అవ్వ. "మొగోళ్ళు గూడనా?"

"మొగోళ్ళే ఎక్కువ అవ్వా. ఆడోళ్ళు నీళ్ళు మోస్తరు."

అవ్వ చాలాసేపు నవ్వింది.

కిందటి నెల బిల్డరుతో కాగితాల మీద సంతకాలయ్యాయి. అయిదంతస్తులు, ఒక్కొక్కరికి ఒక్కో ఫ్లాటు. పిల్లలను తప్పు పట్టను. కారే కప్పు కింద, తడి గోడ పక్కన ఎన్నాళ్ళుంటారు? దసరా అయ్యాక జేసీబీ వస్తుంది.

నిన్న బిల్డరు మనిషి కొలతలకు వస్తే అవ్వ అడిగింది: "బిడ్డా, కూలగొట్టినంక గీ గోడ మన్ను రెండు తట్టలు నాకు పక్కకు పెట్టు. మీద తులసి గద్దె పెట్టుకుంట."

"ఫ్లాట్లల్ల మన్ను వద్దంటరు అవ్వా. నీళ్ళు కిందోళ్ళ మీదికి కారుతయి. కుండీ కొనుక్కో."

ఆమె మారు మాట్లాడలేదు. ఈరోజు పొద్దున్నే గునపం తెచ్చుకుని, వెనక మూల సిమెంటు పెచ్చు లేచినచోట కూర్చుంది. ఇప్పటికి ఒక తట్ట నిండింది.