వంటగది కట్టుకునేవాళ్ళకు తలకిందుల సలహాలు

వంటగదికి కొలతలు తీయడానికి వచ్చినవాళ్ళు టేపు తీసి గోడకు పెడతారు. ముందు మనిషికి పెట్టమనండి. ఇంట్లో ఎక్కువసేపు వండేది ఎవరో, వాళ్ళని నిటారుగా నిలబెట్టి మోచెయ్యి మడవమని, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. అందులోంచి 4 అంగుళాలు తీసేస్తే వచ్చేదే మీ గట్టు ఎత్తు. మేస్త్రీ "అందరికీ 34 పెడతామండీ" అంటాడు. ఒప్పుకోకండి.

మా అమ్మ 4 అడుగుల 10 అంగుళాల మనిషి. మా పాత ఫ్లాట్లో గట్టు 36 అంగుళాలుండేది. దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద కుక్కరు. పప్పు ఉడికిందో లేదో చూడాలంటే మునివేళ్ళ మీద లేచేది. తర్వాత ఒక పీట తెచ్చి వేసుకుంది. వేడి గిన్నె అంచు తగిలి కుడి ముంజేతి లోపలివైపు ఒకదాని కింద ఒకటి మూడు మచ్చలు పడ్డాయి. వాటిని చాలా ఏళ్ళు చూస్తూ ఉండి కూడా తప్పు గట్టుదని నాకు తట్టలేదు. వంటగది మళ్ళీ కట్టించినప్పుడు టేపు అమ్మకే పెట్టాను. మోచెయ్యి 36, గట్టు 32.

ఇంకో మాట చెబితే మేస్త్రీకి కోపం వస్తుంది. గట్టంతా ఒకే మట్టానికి పోయించకండి. స్టవ్వు పెట్టే చోట 4 అంగుళాలు దించండి. స్టవ్వు ఎత్తూ గిన్నె ఎత్తూ కలిస్తే గరిట తిప్పే చెయ్యి భుజం దాకా లేస్తుంది, పావుగంట తిప్పితే మెడ పట్టేస్తుంది. సింకు దగ్గర మాత్రం 3 అంగుళాలు లేపండి. అక్కడ మన చేతులు ఆడేది గట్టు మీద కాదు, దానికి 9 అంగుళాల కింద, తొట్టి అడుగున. అంట్లు తోమేవాళ్ళకు నడుంనొప్పి పుట్టేది అక్కడే. మీ ఇంట్లో తోమేది పనికొచ్చే అమ్మాయి అయితే ఆమెనీ ఓసారి నిలబెట్టి కొలవండి. ఆమె రోజుకు మీలాంటి నాలుగిళ్ళలో వంగుతుంది. మూడు మట్టాల గట్టు చూపుకు బాగుండదంటారు. నాకైతే బాగానే ఉంది.

సింకు, స్టవ్వు, ఫ్రిజ్జు త్రికోణంలో ఉండాలన్న సూత్రం మీ డిజైనరు తప్పకుండా చెబుతారు. వంటగదిలో ఇలా నడిచే అడుగులు లెక్కపెట్టే ఆలోచనకు పేరు తెచ్చింది 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది. మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు గీశారు. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. నగరం కట్టించిన ఇళ్ళల్లో అలాంటివి దాదాపు 10,000 అమర్చారు. అప్పటికి తాను ఇంటి వంట చేసి ఎరగనని ఆమే తర్వాత చెప్పారు. అయినా గొప్ప పనే, ఒక్క మనిషి ఒంటరిగా చకచకా పని తెముల్చుకోవడానికి. మనిళ్ళల్లో పండగనాడు ఒకరు బూరెలు వేస్తుంటే ఇంకొకరు పులిహోర కలుపుతారు, మూడోవాళ్ళు కొబ్బరి కోరుతుంటారు. ఒక్కరి అడుగులు లెక్కగట్టిన త్రికోణంలో ముగ్గురికి మసలే చోటుండదు. త్రికోణం సంగతి తర్వాత చూసుకుందురుగాని, ముందు రెండు గట్ల మధ్య 4 అడుగులు వదలండి. చోటు చాలకపోతే హాల్లోంచి తీసుకోండి. చుట్టాలు హాల్లో కూర్చునేది గంటసేపు, మీరు వంటగదిలో నిలబడేది రోజూ.

డబ్బు విషయంలోనూ నాది తిరగేసిన లెక్కే. షట్టర్ల మెరుపు మీద పెట్టేది తగ్గించి సింకు మీద పెట్టండి. రెండు తొట్ల సింకు ముచ్చటగా కనిపిస్తుంది గానీ ఏ తొట్టిలోనూ పెద్ద కుక్కరు సరిగా తిరగదు. 30 అంగుళాల పొడవు, 20 వెడల్పున్న ఒంటి తొట్టి తీసుకోండి. పులుసు గిన్నె, బిర్యానీ డేగిసా, దోసెల పెనం అన్నీ అందులో పడతాయి.

ఆ సింకు కింద చెక్క అసలు వాడకండి. మా పాత ఫ్లాట్లో అక్కడి అలమర పార్టికల్ బోర్డుతో చేసింది. రెండో వానాకాలానికి అడుగు బొరుగుల్లా ఉబ్బింది, వేలితో నొక్కితే పొట్టు రాలేది. వెనక చూస్తే పైపు కీలు దగ్గర చుక్క చుక్క కారుతోంది, అంతే. ఇప్పుడు గట్టు కిందంతా ఇటుక గోడలు కట్టి కడప బండ అరలు వేయించాను. ముందర తలుపులు మాత్రం ప్లైవుడ్. మాడ్యులర్ పెట్టెలే కావాలంటే షీటు మీద ఐ.ఎస్. 710 ముద్ర ఉందో లేదో మీ కళ్ళతో చూసి మరీ కొనండి. నీటికి తట్టుకునే రకం అదే. గట్టు పైకి తెల్ల క్వార్ట్జ్ వద్దు. అందులో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్, వేడి మూకుడు నేరుగా దించితే మచ్చ పడుతుంది. పసుపు సంగతి చెప్పనక్కర్లేదు. ఒంగోలు దగ్గర చీమకుర్తిలో దొరికే నల్ల గ్రానైటు, ఆ బంగారు చుక్కలది, వేడికీ చింతపండుకూ చలించదు. అందం కూడా దానిదే అంటాను.

అన్నీ తలుపుల వెనక దాచమనే సలహా కూడా వినకండి. 2 అడుగుల లోతున్న అలమరలో ముందు వరుసే మనది, వెనక వరుస పురుగులది. ఆవాలు కనబడక మళ్ళీ ఆవాలు కొంటాం. రోజూ వాడే దినుసులకు 8 అంగుళాల లోతు తెరిచిన అర చాలు, సీసాలు ఒకే వరుసలో నిలబడాలి. పోపుల పెట్టె స్టవ్వుకు చెయ్యి చాచే దూరంలో ఉండాలి, నూనె కాగాక వెతుక్కునే వ్యవధి ఉండదు. మిక్సీని అలమరలో పెట్టి రోజూ ఎత్తి దించమంటారు. దానికి గట్టు మీదే నెలవు చూపించండి, వెనకే స్విచ్చుబోర్డు. దాని పక్కన చిన్న రోలు కూడా. ఫ్లాట్లో కిందింటివాళ్ళకు చప్పుడవుతుందని భయమైతే మందపాటి రబ్బరు పట్టా వేయండి. రోట్లో నూరిన దోసకాయ పచ్చడిలో ముక్క ముక్కగానే ఉంటుంది, మిక్సీ దాన్ని నీరు చేస్తుంది. ఒకసారి తిని చూసినవాళ్ళు రోలుకు చోటు లేదనరు.

గాలి విషయంలో బేరం వద్దు. పైపు బయటికి వెయ్యకుండా గాలిని వడగట్టి మళ్ళీ గదిలోకే వదిలే చిమ్నీ ఉంది, దానితో ఎండుమిర్చి ఘాటు కొంచెం తగ్గినా వేడీ ఆవిరీ ఇంట్లోనే ఉంటాయి. చిమ్నీ కన్నా ముందు కిటికీ, పైన ఎగ్జాస్ట్ ఫ్యాను. వాస్తు పట్టింపు ఉండి తూర్పు ముఖంగా వండేవాళ్ళు ఆ తూర్పు గోడకే కిటికీ తెరిపించండి, పొద్దుటి వెలుగు నేరుగా చేతుల మీద పడుతుంది. సాయంత్రాలకు దీపం పై అలమర అడుగున పెట్టించుకోండి. నడి కప్పుకు పెడితే మన నీడ మన కత్తి మీదే పడుతుంది.

గ్యాసు గాలి కన్నా బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది. సిలిండరును నిండు తలుపుల వెనక బిగించకండి. నేలకు ఆనే చోట జాలీ ఉన్న తలుపు పెట్టి, సిలిండరును నిలువుగానే ఉంచండి. సురక్షా ట్యూబు 5 ఏళ్ళకోసారి మార్చాలి.

గట్లూ అలమరలూ అన్నీ గీశాక, నేల మీద 4 అడుగుల చదరం ఖాళీగా మిగిలిందో లేదో చూడండి. మిగలకపోతే ఒక అలమర కొట్టేయండి. డిజైనరు అక్కడ ఐలాండ్ పెడదామంటారు, వద్దనండి. మా ఇంట్లో ఆ చోటు ఫ్రిజ్జుకూ కిటికీకీ మధ్య ఉంది. మే నెలలో అక్కడ పాత పంచె పరిచి నలుగురం చుట్టూ కూర్చుంటాం. మామిడి ముక్కలు ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి, జీడి తీసి, జాడీ వైపు జరుపుతాం. మిగతా రోజుల్లో అది అమ్మ చోటు. గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు తుంచుతుంది. స్టవ్వు అందక ఎక్కి నిలబడిన ఆ పీట మీదే ఇప్పుడు కూర్చుంటోంది.