గోడ ప్రకటనకు టీకా తాత్పర్యం

మూలం: సేల్స్‌కు మనుషులు కావలెను. జీతం + కమిషన్. అనుభవం అక్కరలేదు. సొంత బండి ఉండవలెను.

అవతారిక: విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా గోడల మీద దర్శనమిచ్చే ఈ సూత్రానికి కర్త పేరు ఉండదు, అడుగున ఫోన్ నంబరు తప్ప, కనుక దీనిని అపౌరుషేయమనవచ్చు.

టీక: జీతం = అమ్మినా అమ్మకపోయినా నెల తిరిగితే వచ్చే చిన్న మొత్తం; కమిషన్ = అమ్మకం విలువను బట్టో, లెక్కను బట్టో అమ్మినవానికి దక్కే వాటా; అనుభవం అక్కరలేదు = అనుభవమైనవారు మానేశారని ధ్వని; సొంత బండి = పెట్రోలూ సొంతమే.

తాత్పర్యం: కూడిక గుర్తే ఇందులో ప్రాణం. 1952 నాటి భవిష్యనిధి చట్టం మూలవేతన నిర్వచనం నుంచి కమిషన్‌ను మినహాయించినందున, ఆ చట్టం లెక్కన గుర్తుకు ఎడమవైపు ఉన్న సొమ్ముకే పీఎఫ్ జమ పడుతుంది, కుడివైపు ఎంత పెరిగినా పడదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల స్మృతి కూడా కమిషన్‌ను వేతనం కాదంటూనే, ఇటువంటి మినహాయింపులు మొత్తం రాబడిలో సగం దాటితే దాటినంత మేర వేతనమేనని మెలిక పెట్టింది.

విశేషం: బైకుల షోరూముకు రొక్కంతో వచ్చినవానికి సైతం ఫైనాన్స్ మహిమ వర్ణించడానికి కారణం, బండితో పాటు అప్పు, బీమా, అదనపు ఫిట్టింగులు ఒక్కొక్కటికీ విడివిడిగా ఇన్సెంటివ్ ఉండడమే. పది బండ్ల దాకా ఒక రేటు, పదకొండో దాని నుంచి పై రేటు ఉండే పద్ధతిని స్లాబు అంటారు. అందువల్ల ‘ఆఫర్ నెలాఖరు దాకానే సార్’ అన్న వాక్యంలోని గడువు కొనేవానిది కాదు, పదో బండి దగ్గర ఆగిపోయిన అమ్మేవానిది. ఆ ఒక్కదాని కోసం అతడు తన ఇన్సెంటివ్‌లోంచే డిస్కౌంటు ఇవ్వడమూ కద్దు.

పాఠాంతరం: ‘జీతం’ అన్న పదమే లేని ప్రతులూ ఉన్నాయి. ఓడరేవు వ్యాపారంలో ఓడ బ్రోకరుకు కిరాయిపై వాడుకగా 1.25 శాతం ముడుతుంది. చేపల రేవులో వేటకు ముందుగా బోటు యజమానికి పెట్టుబడి ఇచ్చిన వ్యాపారి, తెచ్చిన సరకు తన ద్వారానే పాడించి కమిషన్ పట్టుకుంటాడు గనుక, ఇక్కడ కమిషన్‌దారు కూలివాడు కాడు, అప్పులవాడు. ఎల్‌ఐసీ ఏజెంటుకు తొలి ఏడాది ప్రీమియంపై పెద్ద శాతం, ఆపై ఏటా చిన్న శాతం వస్తుంది. ఆ పెద్ద శాతంలోంచి ‘మొదటి ప్రీమియం నేనే కడతాలెండి’ అనడం 1938 బీమా చట్టం 41వ సెక్షను ప్రకారం ఇచ్చినవానికీ పుచ్చుకున్నవానికీ నేరమే, అయితే మార్చి నెలలో ఆ సెక్షనును పారాయణం చేసేవారు అరుదు.