వచ్చే నెల కొందాంలే

కారు కొన్నవాళ్ళ కథలు మీరు చానా విని ఉంటారు. కొనకుండా ఉన్నవాడి కథ ఎవరూ చెప్పరు, చెప్పినా కూర్చుని వినేవాళ్ళు దొరకరు. మీరు వింటారని నాకు నమ్మకం. ఎందుకంటే మీ ఇంట్లోనూ ఒకడు ఉండే ఉంటాడు, ఫోనులో కార్ల వీడియోలు చూస్తూ కంచంలో సంగటి ఆరబెట్టుకునేవాడు. ఆ ఒకడు మీరే అయితే మరీ మంచిది, నాకు విడమరిచి చెప్పే పని తప్పుతుంది.

నాకు మైదుకూరులో ఎరువుల అంగడి ఉంది. ఇంట్లో ఉన్నది తెల్ల డిజైరు. బండికి వంక పెట్టడానికి లేదు, ఇంతవరకూ దారిలో నిలబెట్టలేదు. చిక్కంతా రంగుతోనే. తెల్ల డిజైరు అంటే చూసేవాళ్ళ కంటికి ట్యాక్సీ. ఒకసారి అలిపిరి దగ్గర చెట్టు కింద బండి ఆపుకుని, కొండ దిగి వచ్చే ఇంటోళ్ళ కోసం చూస్తున్నాను. ఒక పెద్దమనిషి వచ్చి, అడగా పెట్టకుండా వెనక తలుపు తీసి రెండు సంచులు లోపల పెట్టేశాడు. "కాళహస్తికి ఎంతప్పా?" అన్నాడు. నేను ఒంటిమీది పట్టు చొక్కా వైపు చూసుకున్నాను, ఆయనకు కూడా కనబడాలని. ఆయన చూశాడు. చూసి, "భోజనం కూడా మేమే పెడతాంలే" అన్నాడు.

అంతలో మా ఆమె వచ్చింది. నా మానం కాపాడుతుందనుకున్నాను. "లేదన్నా, మేము కడప పక్కకు పోతాండాం. కాళహస్తికైతే ఆ పక్క బండ్లు ఉండాయి చూడండి" అని మర్యాదగా సంచులు దించి ఇచ్చింది.

ఆ రాత్రే అనుకున్నాను, కొంటే ఈసారి పెద్ద కారే కొనాలని. నల్లగా, పొడుగ్గా, ముక్కు మీద నక్షత్రమో నాలుగు రింగులో ఉండేది. బైపాసు దగ్గర ప్లాటు అమ్మిన డబ్బులు బ్యాంకులో ఉన్నాయి, తక్కువ పడింది ఆ బ్యాంకే అప్పిస్తుంది. పైగా నాదొక సిద్ధాంతం. కడప జిల్లా అంటే బయటోళ్ళకు సినిమాల్లో దుమ్ము లేపుకుంటూ వచ్చే సుమోలే గుర్తు. ఆ సుమోను టాటా వాళ్ళు 2019లో ఆపేసినా మా మీద ఆ ముద్ర మాత్రం ఆగలేదు. మెత్తగా, చప్పుడు లేకుండా ఒక సెడాన్‌లోంచి దిగితే జిల్లాకే మంచి పేరు వస్తుందని ఇంట్లో చెప్పాను.

"దానికి కారెందుకు బావా, మీసం తీసేస్తే సరిపోదా?" అంది మా ఆమె.

ఆమె మా మేనమామ కూతురు. లాగు వేసుకున్నప్పటి నుంచీ నన్ను చూస్తున్న మనిషి కాబట్టి నా మీద ఎట్లాంటి భ్రమలూ లేవు.

బుకింగు డబ్బులు కట్టేద్దామని మంచిరోజు చూసుకుంటుండగానే 2025 ఆగస్టు 15 వచ్చింది. దీపావళికల్లా జీఎస్టీ తగ్గిస్తామని ప్రధాని ఎర్రకోట మీద నుంచి చెప్పారు. ఇంకెవరైనా కొంటారా? ఆగాను. ఆగినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను, అంగడికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. సెప్టెంబరు 3న కౌన్సిల్ కూర్చుంది, 22 నుంచి కొత్త రేట్లన్నారు. అంతకుముందు పెద్ద సెడాన్ల మీద 28 శాతం జీఎస్టీ, దాని నెత్తిన 20 శాతం సెస్సు, మొత్తం 48. ఇప్పుడు సెస్సు లేదు, ఏకంగా 40. బెంగళూరులో సాఫ్టువేరు ఉద్యోగం చేసే మా కూతురికి ఫోను చేసి ఈ సంగతి చెప్పాను, నేనే తగ్గించినట్టు.

"అరవై లక్షల బండికి మూడు లక్షల చిల్లర తగ్గుతాది నాయనా" అంది. ఎప్పుడు లెక్క వేసిందో ఏమో, నేను మాట ముగించేలోపలే చెప్పేసింది. "శాతంలో చూస్తే అంతకన్నా పెద్ద తగ్గింపు మన డిజైరు మీదనే ఉండాది తెలుసా?"

నిజమే. నాలుగు మీటర్లలోపు పొడుగు, పెట్రోలైతే 1200 సీసీలోపు ఇంజను ఉంటే చిన్న కారు కింద లెక్క. వాటికి 28, దానిమీద చిల్లర సెస్సు పోయి ఒకేసారి 18కి దిగింది. ఆ నాలుగు మీటర్ల గీత లోపల ఇమడటానికే 2012లో డిజైరు డిక్కీని కురచ చేశారు. అంటే ప్రభుత్వం వెతికి వెతికి నేను వదిలించుకుందామనుకున్న బండినే చవక చేసింది. కొత్తది చవకయ్యేసరికి పాతదాని రేటూ పడింది. నా బండికి ముందు ఒక రేటు చెప్పిన బ్రోకరు ఫోనులో గొంతు సవరించుకుని ఇంకో రేటు చెప్పాడు. దాంతో ఈ బండి అమ్మే పని కూడా కొన్నాళ్ళు ఆపాను.

ఈలోగా ఊరంతా పాకింది. చిన్న ఊళ్ళో కారు కొనడం కన్నా కొంటాడన్న మాట ఎక్కువ దూరం పోతుంది. దువ్వూరు పక్కన ఒక పల్లె రైతుకు నా అంగట్లో పాత బాకీ ఉంది, రెండు పంటల యూరియా, డీఏపీ. ఖాతా పుస్తకం తెరిచి ఆయన పేజీ ముందర పెట్టాను. ఆయన దాని వైపు చూడనే లేదు. "అరవై లక్షల కారు కొనేవానికి నా బాకీ ఒక లెక్కనా అన్నా?" అని నవ్వి, ఇంకో నాలుగు బస్తాలు ఆ పేజీలోనే రాయించుకుని పోయాడు. ఆ వారం వసూళ్ళకు పోయిన మా గుమాస్తాకూ అందరూ ఇదే పాట పాడి పంపారు. రాని కారుకు నేను కడుతున్న వడ్డీ ఇది.

ఇక బంగారం సంగతి. చెప్పక తప్పదు, నేను చెప్పకపోతే మా ఆమె మీకు గోడ మీద నుంచి చెబుతుంది.

అది జీఎస్టీ కన్నా ముందటి మాట. ఆ ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష తాకింది. లోకమంతా నోరెళ్ళబెట్టింది. అక్షయ తృతీయకు ప్రొద్దుటూరు పోదామంది మా ఆమె. మాకు బంగారం అంటే ప్రొద్దుటూరే. రెండో బొంబాయి అని ఊరికే అనరు, ఆ బజారులో ఎండకన్నా అద్దాల బీరువాలే ఎక్కువ మెరుస్తాయి. దారి పొడుగునా నేను ఆమెకు ధరల గుట్టు విప్పి చెప్పాను. "పసుపు మర్చిపోయినావా? 2010లో క్వింటాలు పదిహేను వేల పైన పలికింది. ఇంకా పోతాదని మనోళ్ళు గోతాల్లో కట్టి పెట్టుకున్నారు. 2012కు నాలుగు వేల దగ్గరకు జారింది. లక్ష తాకిందంటే బంగారం కూడా ఇంక కిందికే. ఆగు." చాపాడు దాటేవరకూ ఆమె ఊ కొట్టింది. నేను ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాను.

అంగట్లో ఆమె గాజులు చూపించమంది. చిన్న గాజుపెట్టెలో తక్కెడ, ఫ్యాను గాలికి కూడా అంకె కదలకూడదని. అందులో ఒక్కొక్క గాజు పెట్టి అంకె నిలిచేదాకా ఆగి, అప్పుడు కాగితం మీద రాసుకున్నాడు అంగట్లో కుర్రాడు. తరుగు దగ్గర ఆమె పట్టిన పట్టు చూస్తే యుద్ధభూమిలో ఉన్నట్టనిపించి నేను బయటికొచ్చి సోడా తాగాను. తిరిగి లోపలికి పోయేసరికి గులాబి కాగితంలో చుట్టేసి సంచిలో పెట్టేశారు. డబ్బులు? ప్లాటు డబ్బులే, సగం. ఖాతా ఇద్దరి పేరు మీద ఉందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అక్టోబరుకు లక్షా ముప్పై వేలు. 2026 జనవరికి లక్షన్నర కూడా దాటింది. ఆమె ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. పొద్దున పేపరు రాగానే బంగారం ధరలుండే పేజీ పైకి మడిచి నా కాఫీ పక్కన పెడుతుంది, అంతే.

దసరాకు ఎందుకు కొనలేదంటారా? డిసెంబరులో స్టాకు వదిలించుకోవడానికి డిస్కౌంట్లిస్తారు కదా, అందుకు. డిసెంబరులో ఎందుకు కొనలేదంటారా? డిసెంబరులో తయారైన బండి జనవరి ఒకటికల్లా పోయినేటిది అయిపోతుంది, రేపు అమ్మేటప్పుడు నెల చూడరు, సంవత్సరం చూస్తారు. సరే, జనవరిలో? జనవరిలో రేట్లు పెంచారు. యూరో నూరు రూపాయలు దాటిందట. కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారి మఠం మాకు పక్కనే. అంత దగ్గర్లో ఉండి కూడా వచ్చే నెల కారు రేటు తెలుసుకోలేకపోవడం మైదుకూరు వాళ్ళ దురదృష్టం.

మధ్యలో ఒకసారి బెంగళూరు పోయి షోరూములో టెస్టు డ్రైవు కూడా చేశాను. వాళ్ళిచ్చిన కాఫీ, అక్కడి కుర్రాడు సార్ సార్ అంటూ తలుపు పట్టుకున్న తీరు, అన్నీ బాగానే ఉన్నాయి. లోపల కూర్చోవడం కూడా బాగానే జరిగింది, పడ్డాను అంటే సరిగ్గా ఉంటుంది. సీటు అంత కింద ఉంది. దిగేటప్పుడే మోకాళ్ళు మొరాయించాయి. ఒక కాలు బయట, ఒక కాలు లోపల, చెయ్యి తలుపు మీద. ఆ కుర్రాడు ఒక పక్క, మా కూతురు ఒక పక్క పట్టి లేపారు. "బాగుంది సార్‌కు, దిగబుద్ధి కావడం లేదు" అన్నాడు వాడు. వాడికి ఆ ఒక్క మాటకే ప్రమోషన్ ఇవ్వాలి.

ఊరికి వచ్చాక మా కొడుకు టేపు తీసుకుని షెడ్డు కొలిచాడు. పెద్ద సెడాన్లు ఐదు మీటర్లకు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. గేటు వేయాలంటే ముక్కు తులసికోటకు తగులుతుంది, తులసికోటను వదిలేస్తే డిక్కీ వీధిలో ఉంటుంది.

"తులసమ్మను అడుగు జరిపేది లేదు" అంది మా ఆమె.

"వీధిలో డిక్కీ ఉంటే ఏమౌతుందిలే" అన్నాను.

"గేటుకు ముందర కాలువ మీద బండ ఉండాది కదా నాయనా" అన్నాడు మా వాడు. "డిజైరుకే అప్పుడప్పుడు కింద గీసుకుంటాది. అంత పొడుగు బండైతే ఉయ్యాల మాదిరి బండ మీద నిలబడతాది, ముందుకూ పోదు, వెనక్కూ పోదు."

నాకు ఆ బొమ్మ కళ్ళకు కట్టింది. వీధిలోవాళ్ళంతా చుట్టూ నిలబడి సలహాలు చెబుతున్నారు.

జనవరి 27న మళ్ళీ ప్రాణం లేచి వచ్చింది. యూరప్ వాళ్ళతో ఒప్పందం కుదిరింది. ఓడలో దిగే కార్ల మీద 110 శాతం దాకా ఉండే సుంకం మెట్టు మెట్టుగా 10 శాతానికి దిగుతుందట, ఏడాదికి రెండున్నర లక్షల బండ్ల వరకు. ఇంగ్లండు వాళ్ళతో అంతకుముందు జులైలోనే సంతకాలయ్యాయి. టీవీ ముందర నిలబడే చెప్పాను, "చూసినారా, ఆగితే ఏం జరుగుతాదో?" అని.

మా కొడుకు ఫోనులోంచి తల ఎత్తలేదు. "నువ్వు కొనేది ఓడలో రాదు నాయనా. ఆ నక్షత్రం కారు పూణె దగ్గర చాకన్‌లో బిగిస్తారు. నాలుగు రింగులదైతే ఔరంగాబాదులో. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించేవాటికి సుంకం ముందు నుంచే తక్కువ. ఆ ఒప్పందంతో నీకు పెద్దగా ఒరిగేది లేదు."

చాకనా? అది ఎర్రగడ్డల మార్కెట్టున్న ఊరు. మా పక్క కేపీ రకం ఎర్రగడ్డ పండించే రైతులు అక్కడి రేటు గురించి నా అంగట్లో కూర్చునే మాట్లాడుకుంటారు. ఇన్నాళ్ళూ జర్మనీ జర్మనీ అని నేను కలగన్న కారు, ఆ ఎర్రగడ్డల ఊరి నుంచి లారీ ఎక్కి వస్తుంది.

మొన్న రాత్రి అన్నాలయ్యాక మా ఆమె బీరువా తెరిచి ఆ గులాబి కాగితం పొట్లం తెచ్చి నా ముందర పెట్టింది. విప్పింది కూడా. "తీసుకో బావా. రేపు ప్రొద్దుటూరు పోయి అమ్ముకో. బ్యాంకులో ఉండేదీ ఇదీ కలుపుకో. కారు కొను, బస్సు కొను, నీ ఇష్టం. నాకు ఈ నస మాత్రం వద్దు."

నేను గాజుల వైపు చూశాను. కారు ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. గొంతు తడారింది. ఫోను తీసి ఆరోజు రేటు చూశాను.

"ఈరోజు కొంచెం తగ్గింది మే" అన్నాను. "ఇప్పుడు అమ్మితే నష్టం. మళ్ళీ పెరుగుతాదంటాండారు."

ఆమె ఏమీ అనకుండా పొట్లం మడిచి బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నడుముకు దోపుకుని వంటింట్లోకి పోయింది. ఆ మౌనం భరించలేక నేనే లేచి తలుపు దాకా పోయాను. "అసలు ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ ఐదు శాతమేనంట. ఇంకో రెండేళ్ళలో బ్యాటరీలు ఇంకా చవక ఐతాయంట. అప్పుడు చూసుకోవచ్చు కదా?"

"చూసుకుందువులే" అంది గిన్నెలు సర్దుతూనే. "పాప పోయిన వారమే ఒకటి బుక్ చేసింది, చిన్నది, కరెంటుదే. ఉగాదికి ఇంటికి వచ్చేది దాంట్లోనే."

"నాకు చెప్పలేదే!"

"చెప్తే ఆగమంటావని."