ఐదో నిమ్మకాయ

పికప్ కొన్నానని ఫోన్లో చెప్తే మా నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పికప్ విడిగా కొనడమేవిట్రా? బండి కొంటే దాంతోపాటే వస్తుంది గదా" అన్నారు.

తప్పు ఆయనది కాదు. మా భీమవరంలో పికప్ అంటే యాక్సిలరేటర్ తొక్కగానే బండి అందుకునే ఊపు. "స్కూటర్‌కి పికప్ లేదండీ, కాస్త చూడండి" అని మెకానిక్‌కి చెప్పుకుంటాం. టెక్సాస్‌లో పికప్ అంటే ముందు అయిదుగురు కూర్చునే గది, వెనక మూత లేని తొట్టి ఉన్న ట్రక్కు. మాట ఒకటే గానీ అర్థాలు వేరని నాన్నకి ఓపిగ్గా విడమరిచి చెప్పాను. పది నెలలు తిరక్కుండా ఆ రెండు అర్థాలూ హైవే మీద కలుసుకున్నాయి. నా పికప్‌కి పికప్ పోయింది.

అంతకుముందు నాకో పాత ట్రక్కు ఉండేది. 2011 మోడల్, ఎనిమిది సిలిండర్ల ఇంజన్. నేను కొనేటప్పటికే ఎనభై వేల మైళ్లు తిరిగింది, అమ్మేటప్పటికి రెండు లక్షల పదివేలు. దాని జబ్బులన్నీ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఏసీ మూడు, నాలుగు నంబర్ల మీదే తిరుగుతుంది. ఎడమవైపు వెనక తలుపు బయటినుంచి తీస్తేనే వస్తుంది. నలభై మైళ్లు దాటితే డ్యాష్‌బోర్డులో ఏదో టకటకలాడుతుంది, బొటనవేలితో ఒకచోట నొక్కి పెడితే ఊరుకుంటుంది. మా అబ్బాయి ఎక్కగానే, ఎవరూ చెప్పకుండానే, అక్కడ వేలు పెట్టి కూర్చునేవాడు.

ప్లేనోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాడికి ట్రక్కెందుకని అడగొచ్చు. నాకెందుకూ అక్కర్లేదు. ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ కావాలి. వెనకటికి వీధిలో ఒక్క ఇంట్లోనే మంచినీళ్ల బావి ఉంటే ఆ ఇంటివాళ్లకి ఎంత మర్యాద జరిగేదో, డాలస్ చుట్టుపక్కల పికప్ ఉన్న తెలుగువాడికి అంత జరుగుతుంది. గృహప్రవేశానికి అరటి బోదెలు, అపార్ట్‌మెంటు మారేవాళ్ల పరుపులు, బతుకమ్మ స్టేజీకి చెక్కలు, అన్నీ ఆ తొట్టిలోనే వెళ్లాయి. ఏటా మా కాలనీ వినాయకుడు నిమజ్జనానికి వెళ్లేదీ దాని మీదే. స్వామి పక్కన డప్పులు, డప్పుల వెనక పులిహోర గిన్నెలు, ముందు బొటనవేలు నొక్కిపెట్టి మా అబ్బాయి.

"ఏవండీ, ఇంకా ఈ పాత చింతకాయ పచ్చడేనా?" అంది మా ఆవిడ ఒకరోజు. ఇంట్లో ఎవరికి జ్వరం తగ్గినా మొదటి ముద్ద ఆ పాత చింతకాయ పచ్చడితోనే పెట్టేది తనే. ఆ సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చి ఉంటే నలభై వేల డాలర్ల అప్పు తప్పేది.

మా గడ్డి కోసే ఆయన ఆ ట్రక్కుని ఏడువేల డాలర్లకి కొన్నాడు. బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేయించి, ఒక్క నిమిషం చెవి పెట్టి విన్నాడు. మూసేశాడు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. బేరం ఆడకుండా కొనేవాణ్ణి చూస్తే మనమే మోసపోతున్నామని భీమవరం చేపల మార్కెట్లో చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఏడు సముద్రాలు దాటేసరికి మరిచిపోయాను.

కొత్తది ఏ కంపెనీదో చెప్పను. చెప్తే ఇంకో కంపెనీ ట్రక్కు కొన్నవాళ్లు నవ్వుతారు. వాళ్లలో సగంమంది బళ్లు కూడా షెడ్డులోనే ఉన్నాయి కాబట్టి నవ్వే అర్హత లేదు, అయినా నవ్వుతారు. సరిగ్గా ఆ ఏడాదే మోడల్ మొత్తం మార్చారు. "ఇంజన్ కొత్తది, గేర్‌బాక్స్ కొత్తది, ఛాసిస్ కొత్తది, స్క్రీన్ కొత్తది, పాతదాంట్లోంచి ఒక్క సామానూ వాడలేదు" అని సేల్స్ కుర్రాడు గొప్పగా చెప్పాడు. నేనూ గొప్పగానే విన్నాను.

దసరాకి తెచ్చి ఫ్రిస్కో ఆంజనేయస్వామి గుడిలో పూజ చేయించాం. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. మూడు టన్నులకి కాస్త తక్కువ బరువున్న బండి కదా, నిమ్మకాయలు నలగలేదు, మాయమయ్యాయి. మర్నాడు ఆఫీసులో ఫోటోలు చూపిస్తే పక్క సీటు అమెరికన్ పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "మీవాళ్లు నిమ్మకాయని బండి కింద పెడతారా? మేం దాన్నే కొని నడుపుతాం" అన్నాడు. ఇక్కడ పదే పదే చెడిపోయే కొత్త బండిని నిమ్మకాయ అంటారు. అలాంటి బళ్లు అంటగట్టకుండా నిమ్మకాయ చట్టం అని ఒకటుంది కూడా. నేను నవ్వేశాను.

మార్చిలో తొట్టి వెనక తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆగి ఉన్నప్పుడు కాదు, పూలమొక్కలకి ఎరువు బస్తాలు తెస్తుంటే. వెనక కారువాడు హారన్ కొడుతుంటే టెక్సాస్‌లో ఇంత మర్యాద లేనివాళ్లు కూడా ఉంటారా అనుకున్నాను. పాపం, అతను బస్తాలు లెక్కపెట్టి చెబుతున్నాడట. జూన్‌లో స్క్రీన్ నల్లబడింది. స్క్రీనేగా అనుకోకండి. ఏసీ మీటలు కూడా దాంట్లోనే ఉన్నాయి. డాలస్ జూన్ అంటే మన రెంటచింతలకి ఏమీ తీసిపోదు. ఎదురింటి వరంగల్ తమ్ముడు నన్ను చూసి, "ఏమన్నా, తానం జేసి బట్టలేసుకున్నవా, బట్టలేసుకుని తానం జేసినవా?" అన్నాడు. ఇవి చిన్నవే. షోరూంవాళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చారు. ఇరవయ్యేళ్లుగా ఆ మాట కస్టమర్లకి చెప్పి బతుకుతున్నవాణ్ణి. వినడం అదే మొదటిసారి.

ఇక ఆగస్టు. డెబ్బై మైళ్ల వేగంలో వెళ్తుంటే ఎదురుగా పసుపు లైటు వెలిగింది, "శక్తి తగ్గించబడినది" అని స్క్రీన్ మర్యాదగా చెప్పింది. ముప్ఫై మైళ్లకి దిగింది. రోడ్డు పక్కకి తీసి ఆపాను. తీసుకెళ్లడానికి వచ్చిన లాగుడు బండి ఇరవయ్యేళ్ల పాతది. దాని డ్రైవరు నా బండిని ఎక్కిస్తూ ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

"బోరుకొచ్చిందా?" అన్నారు నాన్న. "కాదు నాన్నా, పద్నాలుగు వేల మైళ్లే తిరిగింది." "మన జీపు లక్షన్నర కిలోమీటర్లు తిరిగితేగానీ బోరుకి రాలేదు. అదీ మీ బాబాయి ఆయిలు పోయకుండా తిప్పబట్టి."

బాబాయి ఆయిలు సంగతి వినగానే నాకు జనరల్ మోటార్స్ గుర్తొచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అమెరికాలో దాదాపు ఆరు లక్షల బళ్లను వెనక్కి పిలిచింది. 2021 నుంచి 2024 దాకా తయారైన పెద్ద ట్రక్కులు, ఎస్‌యూవీలు. 6.2 లీటర్ల వీ8 ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు, కనెక్టింగ్ రాడ్లలో లోపాలు. పరీక్షలో ఇంజన్ చెడిందని తేలితే బాగుచేస్తారు లేదా మారుస్తారు. బాగానే ఉందంటే కాస్త చిక్కటి ఆయిలు పోసి, కొత్త ఫిల్టర్ వేసి, ఆయిలు పోసేచోట కొత్త మూత బిగించి, మాన్యువల్లో పెట్టుకోమని ఓ కాగితం ఇస్తారు. జలుబు చేసినవాడికి మిరియాల కషాయంలాగా ఉంది వైద్యం. మా బాబాయి పదేళ్ల కిందట ఆ కంపెనీలో ఉద్యోగానికి అప్లై చేసి ఉంటే ఈపాటికి వైస్ ప్రెసిడెంటు అయ్యేవాడు.

టయోటా కథ ఇంకో రకం. దాని పెద్ద ట్రక్కు టండ్రాలో 2007 నుంచి 2021 దాకా 5.7 లీటర్ల వీ8 ఉండేది. ఎంత పెట్రోలు తాగేదో అంత నమ్మకంగా ఉండేది. 2022లో మోడల్ మార్చి, దాని స్థానంలో రెండు టర్బోల వీ6 పెట్టారు. 2024 మే నెలలో సుమారు 1,02,000 టండ్రాలను, లెక్సస్ ఎల్‌ఎక్స్‌లను వెనక్కి పిలిచారు. కారణం, ఫ్యాక్టరీలో ఇంజన్ని తొలిచినప్పుడు వచ్చిన లోహపు రజను లోపలే ఉండిపోవడం. ఇది చదివి మా ఆవిడ, "పాత్ర తోమాక కడగలేదన్నమాట" అంది. అంతకన్నా బాగా ఏ ఇంజనీరూ చెప్పలేదు. ఆ టండ్రాలు తయారయ్యేది ఈ టెక్సాస్‌లోనే, శాన్ ఆంటోనియోలో. కంపెనీ అమెరికా ప్రధాన కార్యాలయం ఉన్నది మా ప్లేనోలోనే. పండగ భోజనాల్లో పక్క విస్తరి ఎవరిదో తెలీదు కాబట్టి ఈ మాటలు కాస్త మెల్లగానే అంటుంటాను.

అసలు బాగున్న ఇంజన్ని ఎందుకు మార్చాలి? మైలేజీ కోసం. ప్రభుత్వ నిబంధనలు బిగుసుకుంటూ వచ్చినకొద్దీ పెద్ద ఇంజన్ తీసి చిన్నది పెట్టి, దాని నోట్లోకి టర్బోతో గాలి కొట్టారు. ఆయిలు మంచినీళ్లలా పల్చన చేశారు. కొన్ని ఇంజన్లలో, బరువు లేనప్పుడు సగం సిలిండర్లు పడుకుంటాయి, అవసరమైతే లేస్తాయి. మా ఆఫీసులో కూడా ఈ పద్ధతి ఉంది. అక్కడా లేచే దగ్గరే ఇబ్బంది. ఇవన్నీ పనిచేయవని కాదు. ఏళ్లతరబడి జనం తొక్కి, ఎక్కడ విరుగుతుందో తేలి, సరిచేశాక పనిచేస్తాయి. ఆ తొక్కే పని మొదటి ఏడాది కొన్నవాడిది. జీతం లేకపోగా వాయిదాలు కూడా మనమే కడతాం.

ఇండియాలో 2022 నుంచి టయోటా అమ్ముతున్న హైలక్స్ ట్రక్కులాంటి మొండి ఘటం ఇక్కడ దొరికితే ఈ గొడవ ఉండేది కాదు. కానీ రాదు. యూరప్‌వాళ్లు అమెరికా కోళ్ల మీద సుంకం వేశారని కోపమొచ్చి, బయటినుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద ప్రెసిడెంట్ జాన్సన్ 25 శాతం పన్ను వేశాడు. 1964లో మొదలైంది, కోళ్ల తగువు ముగిసినా పన్ను ముగియలేదు. కోడి పన్ను అనే దాని పేరు. మా భీమవరంలో కోడి మీద పందెం వేస్తారు, పొలాలు కూడా పోగొట్టుకుంటారు. కానీ ఇన్నేళ్లు పగ పట్టరు.

అలాగని పాతవన్నీ ఆణిముత్యాలని నేననను. లూసియానాలో ఒకాయన 2007 టండ్రా మీద పది లక్షల మైళ్లు తిరిగితే కంపెనీయే ఆ బండి తీసుకుని కొత్తది ఇచ్చింది, నిజమే. అదే కంపెనీ పాత టకోమా ట్రక్కుల ఛాసిస్‌లు తుప్పు పట్టి, చిల్లులు పడి, కోర్టు దాకా వెళ్లి, కోట్ల డాలర్ల రాజీకి వచ్చిందీ నిజమే. రోడ్డు మీద ఇవాళ కనబడే పాత ట్రక్కులు బతికి బట్టకట్టినవి. పోయినవి తుక్కు కింద అమ్ముడయ్యాయి, అవి వచ్చి సాక్ష్యం చెప్పవు. నేనన్నది అంతకన్నా చిన్న మాట: పాతదాని రోగాలు నాకు తెలుసు. కొత్తదాని రోగాలు చేసినవాడికే తెలియవు.

బండి షెడ్డులో ముప్ఫై రోజులు దాటింది. పార్టు రావాలట. ఎదురింటి తమ్ముడు నిమ్మకాయ చట్టం చదువుకుని వచ్చాడు. "అన్నా, టెక్సాస్ల మొదటి రెండేండ్లల్ల బండి ముప్ఫై దినాలు రిపేర్ల వడి ఉంటే కేసెయ్యొచ్చు. గని ఆళ్లు అసొంటిదే ఇంకో బండి ఇచ్చిండ్రనుకో, గా దినాలు లెక్కకు రావు. నీకేమన్న ఇచ్చిండ్రా?"

ఇచ్చారు. రెండో రోజే ఇచ్చారు, ఎంత మంచివాళ్లో అని వాళ్లకి మైసూర్‌పాక్ డబ్బా కూడా పట్టుకెళ్లాను. అదీ పికప్పే. కాకపోతే తొట్టిలో సామాను వేయకూడదు, వెనక ఏమీ తగిలించి లాగకూడదు అని సంతకం పెట్టించుకున్నారు. మోయకూడని ట్రక్కు, నడవని ట్రక్కుకి సమానమేనని చట్టం ఒప్పుకుంటుందేమో, లాయరుని అడగాలి. సర్వీసు కౌంటర్లో ఉండే ఆయన్ని మాటల మధ్యలో మీరేం బండి నడుపుతారని అడిగాను. కిటికీలోంచి వేలు చూపించాడు. 2009 మోడల్.

మా పాత ట్రక్కు మాత్రం రెండు వారాలకోసారి, గురువారం పొద్దున్నే, గడ్డి మిషన్లు మోసుకుని మా ఇంటి ముందుకే వస్తుంది. డ్యాష్‌బోర్డులో చప్పుడు వస్తోందా అని అడిగాను. వచ్చేదట, ఓ మడతపెట్టిన కాగితం దూర్చాడట, ఊరుకుందట. మా అబ్బాయి ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

శనివారం నిమజ్జనం. ట్రక్కు అద్దెకి మాట్లాడుకున్నాను. మూడు గంటలకి అరవై డాలర్లు, పెట్రోలు నాది. ఎడమవైపు వెనక తలుపు బయటినుంచే తీయాలని ఆయన నాకు మరీ మరీ చెప్పాడు.